రెండు కొడవళ్ళ మధ్య

మీటింగుకు పిలిచేవాళ్ళు చేతిలో కాగితం పట్టుకుని వస్తే, మజ్జిగ ఇచ్చి కాగితంతో సహా వెనక్కి పంపేస్తాను. నా మాట నేనే రాసుకుంటాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కొన్ని ఒత్తులు పక్కింటికి పోయి కూర్చుంటాయి, అయినా నావే. బస్సు ఛార్జీ, మధ్యాహ్నం అన్నం, పైన మూడు వందలు. కంబదూరు, కల్యాణదుర్గం, పెనుకొండ, ఆ మధ్య సోమందేపల్లె దాకా పోయి వచ్చాను. పొదుపు సంఘాలవాళ్ళు పిలుస్తారు, బడులవాళ్ళు పిలుస్తారు. "కాగితమంటే ఎందుకమ్మా నీకంత కోపం?" అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాను. ఒక్క మాటలో చెప్పేది కాదు. రెండువేల నాలుగు ఎలక్షన్ల ఎండాకాలం మొత్తం చెప్పాలి.

అప్పటికి ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. నేనూ, మా అత్త చెన్నమ్మా. నా భర్త ఎర్రిస్వామి పోయి మూడో ఏడు నడుస్తోంది. కూతురు ప్రశాంతి అత్తగారింటికి వెళ్ళిపోయింది.

నా నోట్లో చీమలున్నాయని మా అత్త అనేది. కలుపు తీస్తున్నా, శెనక్కాయలు ఒలుస్తున్నా నా నోరు ఆగేది కాదు. పక్క సాలులో ఉన్న ఆడవాళ్ళు మెల్లగా రెండు సాళ్ళు అవతలికి జరిగిపోయేవాళ్ళు. విసుక్కోకుండా ఊ కొట్టిన మనిషి ఎర్రిస్వామి ఒక్కడే. ఎద్దులకు మేత వేస్తూ, బీడీ ముట్టిస్తూ, నేను ఏం చెప్పినా "ఊ" అనేవాడు. విన్నాడో లేదో తెలియదు. ఊ మాత్రం వచ్చేది.

ఆయన పోయాక ఆ చీమలు ఒళ్ళంతా పాకాయి. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నట్టుండేది. గుమ్మం దాకా వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని, మళ్ళీ వెళ్ళేదాన్ని. ఆ తిక్కలోనే మధ్యాహ్నాలు బడి వరండాలో జరిగే పెద్దల చదువులో చేరాను. అంగన్‌వాడీ టీచరు వనజాక్షి మేడం చెప్పేది. నలభై ఏళ్ళ చేతికి బలపం గడ్డపార కంటే బరువు. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేవాళ్ళం. ఎవరైనా తెలిసిన మాటే కదా అని ముందే అనేస్తే మేడం ఒప్పుకునేది కాదు.

"పేపర్లో ఏముంటే అది చదవల్ల. ఒక్కక్షరం గూడా మింగొద్దు," అనేది.

నేను ఒక్కక్షరం కూడా మింగేదాన్ని కాదు. కిరోసిన్ డబ్బా మీద ఉన్నది మొత్తం, కింద సన్నక్షరాలతో సహా చదివేదాన్ని. మా అత్త చెవులు మూసుకునేది.

ఆ ఫాల్గుణమాసంలో కంబదూరులో సంఘాల మీటింగు జరిగింది. మా ఊరి బోరింగు చెడిపోయిన సంగతి రెండు మాటల్లో చెప్పమని నా చేతికి మైకు ఇచ్చారు. నేను అన్న మాట పోయి ఎదురుగా ఉన్న ఎరువుల అంగడి గోడకు కొట్టుకుని తిరిగి నా దగ్గరికే వచ్చింది. అవతల ఎవరో ఊ కొట్టినట్టయింది. మైకును రెండు చేతులతో పట్టుకున్నాను. భయంతో కాదు. రెండు మాటలు చాలన్నవాళ్ళకు నా చేతిలోంచి మైకు తీసుకోవడానికి పావుగంట పట్టింది.

మూడో రోజు మద్దిలేటి మా ఇంటికి వచ్చాడు. మండలంలో పార్టీ పనులన్నీ చూసేది అతనే. మంచం వేసినా కూర్చోలేదు.

"నల్లమ్మక్కా, ఎలక్షన్లొచ్చినాయి. మా జీపులో వచ్చి ఊరూరా మాట్లాడల్ల. రోజుకు నూట యాభై. అన్నం మాదే."

నేను నోరు తెరిచేలోగా మా అత్త అందుకుంది.

"ఏమప్పా మద్దిలేటీ, మాట్లాడేదానికి దుడ్లిస్తారా? ఇది గమ్మునుంటే చాలు, నేనే ఎదురిద్దామనుకుంటాండా ఇన్నేండ్లుగా."

"అవ్వా, నీ కోడలి నోరు బంగారమవ్వా."

"అయితే తీసుకపో. బ్యాంకులో కుదువ పెట్టుకో."

మద్దిలేటి నవ్వాడు. నేను అప్పటికే చెప్పుల కోసం వెతుకుతున్నాను. "ఈ పొద్దు గాదక్కా, సోమవారం," అన్నాడు.

సోమవారం మొదటి ఊళ్ళోనే నా పరువు పోయింది.

ఉపన్యాసం రాసిచ్చింది నరసింహప్ప సారు. ముప్పై ఏళ్ళు ఊరూరా నాటకాలు నేర్పిన హార్మోనియం మాస్టరు. పల్లెల్లో వేషాలు కట్టేవాళ్ళు తగ్గిపోయాక, ఎలక్షన్లప్పుడు ఇట్లా కాగితాలు రాసుకునేవాడు. గుండ్రటి చేతిరాత. చదవడం తేలికే. జీపు బానెట్ పక్కన నిలబడి, అక్షరం కింద వేలు పెట్టి, మైకులో మొదలుపెట్టాను.

"అక్కలారా, చెల్లెళ్ళారా, ఇక్కడ రెండు చేతులు జోడించవలెను. మన అభ్యర్థి మన ఇంటి బిడ్డ, ఇక్కడ అభ్యర్థి వైపు చూడవలెను. ఈ గడ్డ మీద వాన లేదు, ఇక్కడ ఆకాశం చూపించవలెను..."

జనం ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎక్కడో ఒక ఆడమనిషి కిసుక్కుమంది. ఆ వెంటనే వీధంతా ఘొల్లుమంది. డ్రైవరు తిప్పేష్ స్టీరింగు మీద తల పెట్టుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. నేను మాత్రం చివరి అక్షరం దాకా చదివి దిగాను.

నరసింహప్ప సారు తిట్టలేదు. జీపు నీడలో కూర్చోబెట్టి కాగితం తెరిచాడు.

"ఇదేందమ్మా?"

"వంకర గీత సార్."

"దీనికి ఎదురుగా?"

"ఇంకో వంకర గీత."

"కొడవలి మాదిరి ల్యా?"

"ఉండాది సార్."

"రెండు కొడవళ్ళు ఎదురెదురుగా పెట్టినామనుకో. బయట ఉండేది జనానికి. లోపల ఉండేది నీకు. అది నోటితో అనేది గాదు, ఒంటితో చేసేది. రాజు వేషం కట్టినోడు 'కన్నీళ్ళతో' అని చదువుతాడా? ఏడుస్తాడు."

"మా వనజాక్షి మేడం ఒక్కక్షరం గూడా మింగొద్దని చెప్పింది సార్."

"ఆయమ్మ చెప్పింది చదువమ్మా. ఇది ఉపన్యాసం."

నాకు అర్థమైంది. ఆ తర్వాత నెల రోజుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు. కొడవళ్ళ మధ్య ఉన్నది చేశాను, బయట ఉన్నది అన్నాను. వారం తిరిగేసరికి కాగితం చూడాల్సిన పని కూడా లేకపోయింది.

రోజుకు ఆరు ఊళ్ళు, ఏడు ఊళ్ళు. ఉగాది ముందే ఎండ ముదిరిపోయింది. జీపు రేకు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. గొంతు పోకుండా కొంగున మిరియాలు మూటకట్టుకుని నములుతూ ఉండేదాన్ని. జీపు కదులుతున్నంతసేపూ, మైకు చేతిలో ఉన్నంతసేపూ నాకు ప్రాణం కుదురుగా ఉండేది. జీపు ఆగితే తోచేది కాదు. అందరూ నీడ చూసుకుని చుట్టలు వెలిగిస్తే నేను జీపు చుట్టూ తిరిగేదాన్ని. "ఇంజనన్నా కొంచెం చల్లారల్ల గదక్కా, నీకు అదీ ల్యా," అనేవాడు తిప్పేష్. ఇంటికి వచ్చాక మా అత్తకు పొద్దుటి నుంచి అన్నీ మళ్ళీ చెప్పేదాన్ని. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు రోడ్డు పక్క టీ అంగడి దగ్గర జీపు ఆపినప్పుడు మద్దిలేటి అడిగాడు.

"అవునుగానీ అక్కా, మీ ఇంటాయన ఎట్ల పోయినాడు?"

"పాము కరిచి. శెనక్కాయ వామి దించుతాంటే."

"అప్పులేమన్నా ఉండెనా?"

"ఊళ్ళో ఎవరికి లేవప్పా? దానికీ పాముకూ ఏం సంబంధం?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "పామైతే పనికి రాదక్కా. పాము మింద ఓటెట్ల అడిగేది?"

తిప్పేష్ నవ్వాడు. నేనూ నవ్వాను. నేను నవ్వడం ఇప్పటికీ గుర్తుంది.

"పురుగుల మందు తాగి పోయినాడని చెప్పు," అన్నాడు మద్దిలేటి. "ఈ జిల్లాలో తాగినోళ్ళు తక్కువుండారా? వాళ్ళ ఆడోళ్ళు మైకు ముందరికి రాలేరు. వాళ్ళ మాట నువ్వు చెప్తాండావు, అంతే. రోజుకు రెండు వందలు చేస్తాం."

"వద్దప్పా. నాతో కాదు."

"సరే అక్కా. విడపనకల్లు పక్క ఒకాయమ్మ ఉండాదంట, బాగా మాట్లాడతాదంట. పిలిపిస్తాం. నువ్వు రేపట్నుంచి ఇంటికాడ ఉండు."

ఇంటికాడ ఉండు. ఆ మాట విన్నాక నా కాళ్ళ కింద నేల ఆగినట్టయింది. గుమ్మం దాకా వెళ్ళి రావడం, మళ్ళీ వెళ్ళి రావడం. ఆ యాభై రూపాయల కోసం ఒప్పుకున్నానని చెప్పుకుంటే ఇప్పుడు కొంచెం మర్యాదగా ఉంటుంది. దుడ్ల కోసం కాదు. మైకు కోసమే.

నరసింహప్ప సారు కొత్త కాగితం రాశాడు. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. "ఇష్టం లేకపోతే చెప్పమ్మా. చించేస్తా," అన్నాడు. నేను తీసుకుని మడిచి రవికలో పెట్టుకున్నాను.

మొదటిసారి చెప్పింది చాలా దూరపు ఊళ్ళో. ఎర్రిస్వామి ముఖం ఎవరూ చూసి ఉండని ఊరు అని నాకు నేను చెప్పుకున్నాను. నా భర్త పురుగుల మందు తాగి ఈ చేతుల్లోనే ప్రాణం వదిలాడు అన్నాను. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు లేవు, జనం కళ్ళల్లో ఉన్నాయి. మూడు నాలుగు వందల మంది, ఒక్క దగ్గు కూడా లేదు. అంత పెద్ద నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. అది నాకు నచ్చింది. ఇంకొంచెంసేపు ఉండనిచ్చి అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను.

దిగుతుంటే ముందు వరసలోని ముసలామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. తన కొడుకూ అట్లాగే పోయాడంది.

"మీ ఆయన తాగింది యా మందమ్మా?" అని అడిగింది.

నాకు ఒక్క మందు పేరు కూడా గుర్తు రాలేదు. చేతులు విడిపించుకుని జీపు ఎక్కేశాను.

ఆ తర్వాత వారం రోజులు అదే ఉపన్యాసం. ఒక సభలో తిప్పేష్ స్టూలు మీద టేపురికార్డరు పెట్టి నా మాటలు పట్టాడు. నా గొంతు పెట్టెలోకి పోతుందని నాకు గొప్పగా అనిపించింది. పెట్టెలోంచి ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం జీపు చెడిపోయి తొందరగా ఇంటికి వచ్చాను. మా అత్త గడపలో కూర్చుని ఉంది. పక్కన చాటలో చింతపండు సగం గింజలు తీసి వదిలేసి ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"ఏమత్తా, ఒంట్లో బాగల్యా?"

"పొద్దన్నే ఆటో వచ్చినాది," అంది. "నీ గొంతు ఇనపడె. నువ్వే వచ్చినావనుకుని బయటికి ఉరికితి. ఆటోలో నువ్వు ల్యా. నీ గొంతొకటే ఉండాది."

నేను చెప్పులు విడవడం మరిచిపోయి నిలబడ్డాను.

"యా మందు తాగినాడు వాడు?"

అదే ప్రశ్న.

"అత్తా, అది వాళ్ళు రాసిచ్చింది. పామే కరిచింది. నువ్వు చూడల్యా కాలు?"

"చూసినా. రెండు గాట్లు. నువ్వే చూపిచ్చినావు. ముల్లుతో పొడిచినా అట్లనే ఉంటాది."

"నేనెందుకు పొడుస్తానత్తా!"

"నాకోసరం." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆ పొద్దు వాణ్ణి తిట్టి పంపిస్తి గదా. ఎద్దును అమ్ముకొని వచ్చినాడని. ఎద్దును అమ్ముకున్న చేతులకు సంగటెందుకురా అంటి. తినకుండా పోయినాడు. పోయి తాగినాడు. ముసల్ది తట్టుకోలేదని నువ్వు పామని చెప్పినావు. మూడేండ్లు నన్ను కాపాడినావు మే నల్లా."

"అయ్యో, మైకులో చెప్పిందే అబద్ధమత్తా!"

ఆమె నన్ను జాలిగా చూసింది. చిన్నపిల్లను చూసినట్టు.

"మైకులో ఎవరన్నా అబద్ధం చెప్తారా? నాలుగూళ్ళు ఇంటాంటే? ఇంట్లో అయితే చెప్తారు. ముసలోళ్ళకు చెప్తారు."

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. మర్నాడు గ్లాసుడు మజ్జిగ తాగింది, అదీ నేను ఏడిస్తే. దేవుని పటం ముందు కర్పూరం వెలిగించి ఒట్టు వేశాను. కూతురి మీద వేశాను. ప్రతి ఒట్టుకూ తల ఊపింది, ఒక్కదాన్నీ నమ్మలేదు. వందల మందిని ఏడిపించిన నా నోటికి ఒక్క ముసలిదాన్ని నమ్మించడం చేతకాలేదు. ఏం చెప్పినా, నువ్వు మంచిదానివి అన్నట్టు నా చెయ్యి నిమిరింది. ఆ నిమరడం నన్ను కాల్చేది.

ఆ క్యాసెట్టు ఆపమని మద్దిలేటిని అడిగాను.

"ఇరవై ఆటోల్లో తిరుగుతాండాదక్కా, యాడని ఆపేది? ఇంకెన్ని దినాలు, నాలుగే గదా. ఆఖరి సభ కంబదూరులో. ఆ పొద్దు నువ్వు దుమ్ము లేపల్ల."

ఆఖరి సభ రోజు జీపు నాకోసం వచ్చినప్పుడు మా అత్తను కూడా రమ్మన్నాను.

"నేనెందుకే ఆడికి?"

"మైకులో చెప్పేది నిజమంటివి గదా. నేను ఎట్ల చెప్తానో నీ కండ్లతో చూద్దువు, రా."

ఎందుకు వచ్చిందో తెలియదు. కొడుకు చావు ఇంకోసారి విందామనేమో. కట్టె పట్టుకుని, నా భుజం ఆసరాతో జీపు ఎక్కింది. సాయంత్రం నాలుగు గంటలకు సంత జరిగే బయలంతా జనంతో నిండిపోయింది. ఆమెను స్టేజీ కింద, ముందు వరసలో కూర్చోబెట్టాను. పైన అభ్యర్థి, పెద్ద నాయకులు, పూలదండలు. నరసింహప్ప సారు ఒక మూల స్టూలు మీద ఉన్నాడు.

నా పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి.

ఆ ఉపన్యాసం నాకు నిద్రలో లేపినా వస్తుంది. అయినా ఆ రోజు రవికలోంచి కాగితం తీశాను. చెమటకు మెత్తబడి మడతల దగ్గర చిరిగింది. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి వేలు మొదటి అక్షరం కింద పెట్టాను, వరండాలో పెట్టినట్టు. ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదివాను. జనం మెల్లగా సద్దుమణిగారు. మద్దిలేటి, ఇదేదో కొత్త పద్ధతి అనుకుని తల ఆడించాడు.

"నా భర్త ఎర్రిస్వామి పురుగుల మందు తాగి ఈ చేతుల్లోనే ప్రాణం వదిలినాడు," అని చదివాను. వేలు జరిపాను. కొడవలి వచ్చింది.

"ఇక్కడ గొంతు పూడుకుపోవలెను."

వేలు జరిపాను.

"ఇక్కడ కొంగుతో కన్నులు ఒత్తుకొనవలెను."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇక్కడ ఏడవవలెను. జనము ఏడ్చువరకు ఆగవలెను."

బయలు మొత్తం పేలింది. బీడీలు తాగుతున్నవాళ్ళకు పొలమారింది. ఒకాయన తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు. స్టేజీ మీద ఒక పెద్ద నాయకుడు దండల వెనకాల నవ్వు దాచుకుంటున్నాడు. మద్దిలేటి మూడు అంగల్లో వచ్చి మైకు పట్టుకున్నాడు. నేను వదల్లేదు.

"అక్కా! అది చదవగూడదక్కా!"

మైకు మా ఇద్దరి మధ్య ఉంది. అతని మాటా వినబడింది, నా మాటా వినబడింది.

"పేపర్లో ఉండాది గదప్పా. ఒక్కక్షరం గూడా మింగొద్దని మా మేడం చెప్పింది."

ఇంక సభను ఎవరూ ఆపలేకపోయారు. మైకు లాక్కున్నారు. నేను కాగితం పట్టుకుని కిందికి చూశాను. మా అత్త నవ్వడం లేదు. నా వైపు కూడా చూడటం లేదు. నోరు తెరుచుకుని నా చేతిలోని కాగితాన్నే చూస్తోంది.

నన్ను ఎవరూ పెద్దగా తిట్టలేదు. "చదువురాని దాన్ని మైకు ముందర పెడితే ఇంతే," అన్నాడు మద్దిలేటి పక్కవాళ్ళతో. ఆ మాట ఆ ఊళ్ళో ఇప్పటికీ అంటారు, నా ముందే అంటారు, నేను కాదనను. స్టేజీ మెట్లు దిగుతుంటే నరసింహప్ప సారు ఎదురయ్యాడు. చెయ్యి చాపి ఆ కాగితం తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నెల దినాలు ఒక్క తప్పు గూడా చదవల్యా నువ్వు," అన్నాడు. "ఈ పొద్దు ఒత్తులు బాగా పలికినావమ్మా."

జీపు మాకోసం ఆగలేదు. మా ఊరు మూడు మైళ్ళు. ఎండ తగ్గి నేల మాత్రం ఇంకా వేడిగా ఉంది. వెనకాల మైకులో ఇంకెవరో మాట్లాడుతున్నారు. చాలా దూరం వరకు ఆ గొంతు మా వెంట వచ్చి, మిట్ట దిగాక ఆగిపోయింది. మా అత్త కట్టె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను ఎంత కష్టం మీద నోరు మూసుకుని నడిచానో నాకే తెలుసు.

"అదంతా రాసిచ్చినారా?" అంది చివరికి.

"ఊ."

"ఏడ్చేది గూడానా?"

"ఏడ్చేది గూడా."

పది అడుగులు వేసింది.

"ఏడ్చేది రాసిచ్చినోళ్ళు మందు గూడా రాసిచ్చింటారు."

"అదే గదత్తా నేను చెప్తాండేది!"

"అయితే పామేనా?"

"పామే."

రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుంది. కొంగుతో మెడ తుడుచుకుంది. నేను నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాను.

"ఒకచోట నిలబడవే తల్లీ," అంది. "ఆ పొద్దు ఆసుపత్రికి పోతాంటే బస్సులో వాడేమన్నా అన్నాడా?"

మూడేళ్ళలో ఎట్లా పోయాడని ఊరంతా అడిగింది. ఈ మాట ఎవరూ అడగలేదు. అన్నిటికీ వాగే నేను కూడా ఎవరికీ చెప్పలేదు.

"ఈ కంబదూరులోనే బస్సెక్కిచ్చినా. కల్యాణదుర్గం ఆసుపత్రికి. కండ్లు మూతలు పడతాండాయి. 'మే నల్లా, నన్ను నిద్రపోనీకు, ఏదో ఒకటి చెప్తా ఉండు, నేను ఊ కొడతా,' అన్నాడు."

"బతకల్లనుకున్నాడా?"

"ఎంత అనుకున్నాడో! రెప్పలు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడత్తా."

ఆమె తల వంచుకుంది. కట్టెతో నేల మీద ఏదో గీత గీసింది.

"ఏం చెప్పినావు వానికి?"

"మొదట నీ మిందే చెప్పినా. 'మీ అమ్మ తిట్టినాదని మనసులో పెట్టుకోకు, తిట్టేది నోరే, నీ సంగటి ఎత్తిపెట్టే ఉంటాది, పోయి తిందువు,' అని చెప్పినా."

మా అత్త చటుక్కున తల ఎత్తింది.

"పెట్టినా. గంప కింద పెట్టినా. రెండు దినాలు ఆడనే ఉండె." కట్టెను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. "దానికేమన్నాడు?"

"ఊ అన్నాడు."

ఆమె ఏడ్చింది. అంతకు ముందు, ఆయన పోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. కూర్చోవాలని అనిపించింది. కొంచెంసేపటికి ముక్కు చీది, కట్టె ఊనుకుని లేచింది. నేనూ లేచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"యాడిదాకా ఊ కొట్టినాడు?"

"దోవలో రెండో వంక వస్తాది గదా, ఆ వాగు దాటిందాకా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత గూడా చెప్తానే ఉన్నా. ఆసుపత్రి కాడ కండక్టరు వచ్చి, 'అమ్మా, ఇంక చాలమ్మా,' అనేదాకా."

నాలుగు అడుగులు నడిచాం. ఊళ్ళో మొదటి ఇల్లు ఇంకా చాలా దూరంగా, చేతి గోరంత కనబడుతోంది.

"అంటే వాడు ఇననిది ఇంకా ఉండాది గదా," అంది మా అత్త. "అది నాకు చెప్పు."

రెండో వంక దగ్గర నేను ఏం చెబుతున్నానో నాకు బాగా గుర్తుంది. మా ప్రశాంతికి పాపో బాబో పుడితే ఊయల ఎక్కడ కట్టాలో చెబుతున్నాను. నడింట్లో దూలానికి కడదామంటే వాకిట్లోంచి గాలి నేరుగా తగులుతుంది, లోపలి గదిలో అయితే పొగ. అక్కడినుంచే అందుకున్నాను.

"ఊ," అంది మా అత్త.